చేతుల మాస్టారి ఆకుపచ్చ గుండీ

మా గడుగ్గాయికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు డాక్టరు చదువులో చేరి ఇన్ని నెలలైంది, ఇంతవరకు ఒక్క ఉత్తరం ముక్క లేదు. ఫోనులో ఏవేవో పంపుతున్నావని మీ అత్తయ్య అంటోంది. తెర మీద వచ్చిన మాటకు నేను జవాబివ్వనని నీకు తెలుసు కదా. కాగితం మీద రాయి. నీ చేతిరాత చూస్తే వేళకు తింటున్నావో లేదో నాకు తెలిసిపోతుంది.

అసలు సంగతికి వస్తాను. మా కాలేజీకీ మీ కాలేజీకీ ఇంకా కొన్నింటికీ కలిపి పెద్దలు ఒక కమిటీ వేశారు. అనాటమీ పాఠం ఇప్పుడు సగం ఇంట్లో వీడియోలో, సగం హాల్లో దేహం దగ్గర నడుస్తోంది కదా. హాలుకు ఖర్చెక్కువట, వాసనెక్కువట, పిల్లలకు నిలబడలేక కాళ్లు నొప్పులట. అందుకని వీడియోలే ఉంచి, హాలు తలుపు నెలకొకసారి తీస్తే చాలంటున్నారు. మిగతా రోజులు నేనేం చెయ్యాలి? మూలన వేలాడే అస్థిపంజరంతో కబుర్లు చెప్పుకోవాలా?

నా సంగతి పోనీ. వేలితో తాకి చూడకుండా చదివిన డాక్టరు ముందుకు రేపు బతికున్న మనిషి వచ్చి పడుకుంటాడు. అది తలుచుకుంటేనే నాకు గుండె జారిపోతోంది. హాలు పోకూడదు, అంతే.

కమిటీ విద్యార్థుల అభిప్రాయాలు అడుగుతోంది. మీ క్లాసువాళ్లు ఏమనుకుంటున్నారో ఉన్నదున్నట్టు రాయి. మావయ్య బాధపడతాడని ఏదీ దాచకు. హాలే గొప్పదని అందరూ అంటారని నాకు ఎలాగూ తెలుసు.

ఇట్లు,
నీ మావయ్య

తా.క. (అత్తయ్య రాసేది): అంటించమని ఉత్తరం నా చేతికిచ్చారు కాబట్టి ఈ కింది చోటు నాది. ఆయన తెల్లకోటుకి గుండీ ఊడితే ఇంట్లో దొరికిన గుండీ కుట్టాను. ఏడాది దాటింది. ఇప్పటికీ ఆ కోటు తొడిగినప్పుడల్లా నాకు సాధింపు తప్పడం లేదు. నువ్వు చదువు పూర్తిచేసి ముందు ఈయన బీపీ చూడాలి.

---

మావయ్యకు,

నీ గడుగ్గాయి నమస్కారాలు. వేళకు తింటున్నాను. చేతిరాత ఇలా ఉండటానికి కారణం ఈ ఉత్తరం మంచం మీద బోర్లా పడుకుని రాయడం.

ఉన్నదున్నట్టు రాయమన్నావు. రాస్తున్నాను, నీళ్లు దగ్గర పెట్టుకుని చదువు. మా క్లాసంతా వీడియో పక్షమే.

మా వెనక బెంచీలో ఒకడున్నాడు, వాడిని నిద్రగన్నేరు అంటాం. వాడేమన్నాడంటే, "వీడియోని ఆపొచ్చు, ఎముకల మేడాన్ని ఎవరాపుతారు?" ఎముకల మేడం అంటే హాల్లో మాకు చెప్పే ఆవిడ. ప్రశ్న అడిగి మన మొహంలోకి చూస్తుంది మావయ్యా, ఉన్న జవాబు కూడా పారిపోతుంది. నా పక్కన కూర్చునే అమ్మాయి, "హాల్లో ముందు నిలబడ్డవాళ్లకే దేహం కనిపిస్తుంది, మాకు ముందువాళ్ల వీపులే. వీపు అనాటమీ మాత్రం నాకు కంఠతా వచ్చు" అంది. ఒకడు మాత్రం వీడియో వద్దన్నాడు. వాళ్లింట్లో పాఠం నడుస్తుంటే వాళ్ల నాన్న అటుగా వచ్చి తెర వైపు చూసి, ఆ పూట అన్నం మానేశాడట.

అందరినీ మించి మా వీడియోలో ఒక మాస్టారున్నారు. ఎవరో, ఏ కాలేజీయో ఎవరికీ తెలియదు. మొహం కనిపించదు. తొడుగులేసుకున్న రెండు చేతులే కనిపిస్తాయి. మేం చేతుల మాస్టారు అంటాం. ఎడమచేత్తో కత్తి పడతారు. ఎంత నెమ్మది, ఎంత ఓపిక! నరాన్ని వెతికి పైకెత్తి చూపిస్తుంటే నిద్రపోయే పాపాయిని ఎత్తుకున్నట్టుంటుంది. ఆయన గొప్పతనమంతా ఒక్కటే, అసలు మాట్లాడరు! వీడియోకి శబ్దమే లేదు. కింద అక్షరాల్లో పేర్లు వస్తాయి, అంతే. తిట్టరు, విసుక్కోరు, తమ చిన్నప్పటి కష్టాలు చెప్పరు.

ఆయన కోటు చేతికి తెల్ల గుండీల మధ్య ఒక్కటి ఆకుపచ్చది ఉంది. ఇప్పుడు మా క్లాసులో సగం మంది కోటుకి ఆకుపచ్చ గుండీ కుట్టించుకున్నారు. నేనూ కుట్టించుకున్నాను.

నీ మేనకోడలు,
గడుగ్గాయి

తా.క.: నువ్వు కొనిచ్చిన లావుపాటి అనాటమీ పుస్తకం రోజూ వాడుతున్నాను. లాప్‌టాప్ కింద పెడితే తెర సరిగ్గా కళ్ల ఎత్తుకి వస్తుంది.

---

గడుగ్గాయికి,

ఆశీస్సులు. నీళ్లు తాగాను. చాల్లేదు.

ఆ చేతులాయన ఎవడో నాకు తెలియదు గాని, మాట్లాడకుండా పాఠం చెప్పేవాడిని మాస్టారు అనకూడదు. నోట్లో నాలుక లేనివాడికి అనాటమీ ఎందుకు? తిట్టకపోవడం కూడా ఒక గుణమేనా? నేను తిట్టిన పిల్లలు ఇవాళ పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో కత్తి పడుతున్నారు. కనిపిస్తే చేతులెత్తి దండం పెడతారు. దూరం నుంచే పెడతారు, అది వేరే సంగతి.

ఎడమచేత్తో కత్తి పట్టడం ఒకటి. చూసి నేర్చుకునే పిల్లలంతా రేపు ఎడమచేత్తో మొదలుపెడితే? ఇంక గుండీ! కోటుకి సరైన గుండీ కూడా కుట్టించుకోలేనివాడు మనిషి శరీరాన్ని ఏం విప్పి చూపిస్తాడు?

ఫోను ముందు పాఠం అంటే నాకు తెలియదనుకోకు. పోయినేడు ప్రిన్సిపాల్ బతిమాలితే నేనూ ఒక మధ్యాహ్నం చేశాను. చేసేది నాకే కనిపించేలా ఫోను తెర నా వైపు తిప్పి నిలబెట్టి, గొంతు చించుకుని చెప్పాను. అవతల ఒక్క తలకాయ ఊగలేదు. అయిపోయాక పారెయ్యమన్నాను. పాఠం అంటే మనుషుల ముందు చెప్పేది.

సరే, ఒక పని చెయ్యి. ఈసారి హాలుకు వెళ్లినప్పుడు ముందువాళ్ల వీపులు తోసుకుని బల్ల దగ్గరికి పో. వీడియోలో చూసినదాన్నీ దేహంలో ఉన్నదాన్నీ పక్కపక్కన పెట్టి చూడు. ఒక్కటైనా తేడాగా కనిపిస్తే నాకు వెంటనే రాయి. ప్రతి మనిషీ లోపల కొంచెం వేరుగా ఉంటాడు. అది చూపించగలిగేది హాలొక్కటే. కమిటీ ముందు నేను పట్టుకెళ్లాల్సింది అదే.

నీ మావయ్య

తా.క. (అత్తయ్య): నీ ఉత్తరం వచ్చినప్పటినుంచి మాట్లాడకుండా చెప్పడం పెద్ద విద్యా అంటూ నా మీద ప్రయోగం చేస్తున్నారు. నిన్న భోజనం దగ్గర ఉప్పు కావాలని చేతులతోనే చూపించారు. నాకు అర్థం కాలేదు. మంచినీళ్లిచ్చాను, చెంబిచ్చాను, చివరికి తువ్వాలిచ్చాను. ఉప్పు లేకుండానే తిన్నారు. ఇల్లు ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు.

---

మావయ్యా మావయ్యా,

నమస్కారాలు తర్వాత పెడతాను. కూర్చుని చదువు. తలుపు వేసుకుని చదువు.

నువ్వు చెప్పినట్టే బల్ల దగ్గరికి వెళ్లాను. ఈ వారమే పక్కటెముకలు తీశారు. మా బల్ల మీద ఉన్న ఆయన తన దేహాన్ని తానే కాలేజీకి రాసిచ్చిన మనిషి. మేం పెద్దాయన అంటాం. నేనూ నిద్రగన్నేరూ ఆయన కాళ్ల దగ్గర నిలబడి చూశాం. వీడియోలో గుండె ఎడమవైపు ఉంది కదా, పెద్దాయన గుండె కుడివైపుకి వాలి ఉంది! వీడియోలో కాలేయం కుడివైపు, పెద్దాయనకి ఎడమవైపు. జీర్ణాశయం, ప్లీహం, ఒక్కటీ ఉండాల్సిన చోట లేదు. అన్నీ తారుమారు!

నిద్రగన్నేరు జీవితంలో మొదటిసారి పూర్తిగా కళ్లు తెరిచాడు. వేలల్లో ఒకరికి లోపల అంతా అద్దంలో బొమ్మలాగా తిరగబడి ఉంటుందని వాడెక్కడో విన్నాడట. అంతే, అరగంటలో క్లాసంతా పాకింది. మేడానికి మాత్రం ఎవరం చెప్పలేదు. చెబితే ఆవిడ తన పేరు పెట్టుకుని పత్రికకు పంపేస్తుందేమోనని భయం. మేమే వ్యాసం రాస్తున్నాం. ఒక్క వాక్యం కూడా ఇంకా కాలేదు, ఎవరి పేరు ముందుండాలన్న దగ్గరే ఆగింది. నిద్రగన్నేరు తనే ముందు చూశానంటాడు. వాడిని నిద్రలేపింది నేను, మరి అది లెక్కలోకి రాదా?

పెద్దాయన్ని చూస్తే ఇప్పుడు మాకందరికీ ఎంత గౌరవమో. ఇన్నేళ్లు ఇంత రహస్యం కడుపులో పెట్టుకుని తిరిగాడు పాపం.

గడుగ్గాయి

తా.క.: ఇది నీకూ అత్తయ్యకూ తప్ప ఎవరికీ తెలియకూడదు. ప్రమాణం చెయ్యి.

---

బంగారు తల్లికి,

మావయ్య వేనవేల ఆశీస్సులు. నీ ఉత్తరం చేతిలో పట్టుకుని ఇల్లంతా పచార్లు చేశాను. ఇన్నేళ్లుగా దేహాలు చూస్తున్నాను, అలాంటిది నా కంట ఒక్కటీ పడలేదు. పుస్తకాల్లో చదవడమే. అలాంటిది నా మేనకోడలు, నేను ఎత్తుకుని తిప్పిన పిల్ల, మొదటి ఏడాదిలోనే కనిపెట్టింది! కళ్లు చెమర్చాయి, దాచుకోవడమెందుకు.

ప్రమాణం చేసేవాడినే గాని, నీ తా.క. దాకా చదివేలోపు చేతులాగలేదు. అప్పటికే కమిటీకి రాసేశాను. ఏమని రాశానో విను: "అయ్యా, వీడియో ఒకే దేహాన్ని లక్షసార్లు చూపిస్తుంది. హాలు మాత్రమే మనిషికి మనిషికీ ఉన్న తేడాని చూపిస్తుంది. ఆ పిల్లలు హాలుకు వెళ్లకపోయి ఉంటే ఈ అద్భుతం ఎవరికీ తెలియకుండా పోయేది. దేహాలు వేరువేరుగా ఉంటాయని ఒక్క ముక్కైనా చెప్పని ఆ నోరులేని చేతులాయన కత్తి పట్టడానికే తగడు." ఎలా ఉంది? చివరి వాక్యం కింద రెండు గీతలు గీశాను.

శనివారం నేనే వస్తున్నాను. నాతోపాటు నా పాత సహోద్యోగులు ఇద్దరు, కమిటీ అధ్యక్షుడు కూడా. అంతవరకు ఎవరినీ ఏదీ కదిలించనివ్వకు. మీ ఎముకల మేడానికి నేను నచ్చజెబుతాను. వ్యాసంలో నీ పేరే ముందు, నేను చూసుకుంటాను. నిద్రగన్నేరుకి మంచి దిండు కొనిస్తాను.

హాలు నిలిచిపోయినట్టే!

నీ మావయ్య

తా.క. (అత్తయ్య): బూట్లు మెరిసేలా తుడిచారు. అద్దం ముందు నిలబడి ఉపన్యాసం చెప్పుకుంటున్నారు. పాలవాడికీ చెప్పారు, పక్కింటివాళ్లకీ చెప్పారు. ప్రమాణం చెయ్యమన్నావు కదా, చేసేవారే. ఊపిరి తీసుకునే తీరిక దొరకలేదు.

---

మావయ్యా,

రావద్దు! దయచేసి రావద్దు! కొంప మునిగింది.

నువ్వు వస్తున్నావని తెలిసి మేడానికి చెప్పక తప్పలేదు. ఆవిడ వచ్చి పెద్దాయన్ని చూసింది. మమ్మల్ని చూసింది. నిద్రగన్నేరుని పిలిచి పక్కనున్న ఖాళీ బెంచీ మీద వెల్లకిలా పడుకోమంది. వాడికి అది అలవాటైన పనే. "నీ గుండె మీద చెయ్యి పెట్టుకో" అంది. పెట్టుకున్నాడు, ఎడమవైపు. మమ్మల్నందరినీ వాడి కాళ్ల దగ్గర నిలబడమంది. "వాడి చెయ్యి మీకు ఎటుంది?"

మా కుడివైపు ఉంది మావయ్యా. అచ్చం పెద్దాయన గుండె ఉన్నవైపే.

"కుడి అంటే బల్లమీద ఉన్నవాళ్ల కుడి. చూసేవాళ్ల కుడి కాదు. మొదటిరోజే చెప్పాను" అంది మేడం. మొదటిరోజు మేమంతా వాసనకి ముక్కు మూసుకున్నాం. చెవులు కూడా మూసుకున్నట్టున్నాం.

పెద్దాయన మామూలు మనిషే. అందరిలాంటి మనిషే.

సరే, అక్కడితో బుద్ధి రావాలి కదా? రాలేదు. పెద్దాయన సరిగ్గా ఉంటే, తారుమారుగా ఉన్నది వీడియోలో మనిషన్నమాట! మళ్లీ వ్యాసం మొదలుపెట్టాం. మళ్లీ పేర్ల దగ్గర గొడవ. అప్పుడు మేడం వీడియో పెట్టించి చూసి, "వెనక దూరంగా గోడ మీద గడియారం చూడండి" అంది. గడియారం ముళ్లు వెనక్కి తిరుగుతున్నాయి! ఇన్ని నెలలు చూశాం, ఒక్కరికీ కనబడలేదు. వీడియో మొత్తం అద్దంలో బొమ్మలా తిరగబడి ఉందన్నమాట. చేతుల మాస్టారిది ఎడమచెయ్యి కాదు, కుడిచెయ్యే. ఎవరో ఫోనుని తనవైపు తిప్పుకుని తీసుకున్నారట, కొన్ని ఫోన్లలో అలా వస్తుందట.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. అయినా ఒక్క సంగతి తట్టింది. ఇది నీకు ఇంకా మంచిదే కదా? వీడియో మోసం చేసింది, హాలు కాపాడింది. అదే రాయి కమిటీకి!

నీ దౌర్భాగ్యపు మేనకోడలు

తా.క.: ఆ వీడియో అత్తయ్య ఫోనుకి పంపాను. నువ్వు చూడవని తెలుసు. ఆవిడ చూసి నీకు చెబుతుంది.

---

గడుగ్గాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం చదివి ముందు తిట్టుకున్నాను. పాత సహోద్యోగులకి ఏం చెప్పాలో తెలియక జలుబు చేసిందని చెప్పించాను. పాలవాడికి ఇంకా చెప్పలేదు, గేటు దగ్గరికి వెళ్లడం మానేశాను.

తర్వాత రెండోసారి చదివాను. నవ్వొచ్చింది. నువ్వన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ఇంతకంటే పెద్ద ఆధారం నాకు కలలో కూడా దొరకదు. వీడియోని నమ్మి ఒక క్లాసు క్లాసంతా మనిషిని తిరగేసింది. పెద్దాయన పక్కన నిలబడితేనే తప్పు బయటపడింది. కమిటీ ఇంకేం మాట్లాడుతుంది?

రెండో అర్జీ పంపేశాను. ఈసారి మొహమాటం పెట్టుకోలేదు. "ఈ వీడియో చేసిన ప్రబుద్ధుడు ఎవరో వెతికి పట్టుకోవాలి. తన కుడిచెయ్యి ఏదో తనకే తెలియనివాడు పిల్లలకు కుడిఎడమలు నేర్పాడు. వాడిని ఆ కాలేజీకే పంపి, ఆ హాల్లోనే, ఆ పిల్లల ముందే నిలబెట్టి, ఏ అవయవం ఎటుందో ఒక్కొక్కటీ వేలుపెట్టి చూపించేదాకా వదలకూడదు" అని రాశాను. కమిటీ అధ్యక్షుడు నాకు స్వయంగా కబురు పంపాడు, అర్జీ చాలా న్యాయంగా ఉందట, అక్షరం పొల్లుపోకుండా అమలు చేస్తారట!

ఆ గుండీలాయన మొహం చూడాలని నాకు ఒకటే ఆత్రంగా ఉంది. మీ అత్తయ్య వంటింట్లో ఫోను పెట్టుకుని చూస్తోంది. ఎందుకో తెలియదు గాని, ఒకటే నవ్వు. అన్నం మాడిన వాసన కూడా వస్తోంది.

విజయగర్వంతో,
నీ మావయ్య

తా.క. (అత్తయ్య): మాడింది. పోనీలే. ఒసేయ్, ఆ గుండీ నేను కుట్టిందేనే. నా ఆకుపచ్చ రవికెది. వెనకాల గడియారం కింద గోడకి పెచ్చు ఊడిన చోటు కూడా మా కాలేజీ హాల్లోదే. ఆయనకి ఇంకా చెప్పలేదు. ఉత్తరం మడిచి అంటించమని ఇచ్చి, ఈలవేసుకుంటూ స్నానానికి వెళ్లారు. ముందు కడుపునిండా తిననీ, తర్వాత చెబుతాను.

---

మావయ్యకూ అత్తయ్యకూ,

అత్తయ్య రాసింది చదివి మంచం మీంచి కిందపడ్డాను. అనాటమీ పుస్తకం మీద పడ్డాను. ఆ పుస్తకానికి అది రెండో ఉపయోగం.

మావయ్యా, ఆ నెమ్మది, ఆ ఓపిక, నరాన్ని పాపాయిలా ఎత్తడం, అది నువ్వా? మా అందరి ఆరాధ్యదైవం నువ్వా? నేను ఆకుపచ్చ గుండీ కుట్టించుకున్నది నీకోసమా? నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను.

క్లాసులో ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా. ఈసారి నేనే ప్రమాణం చేస్తున్నాను. నీ అర్జీ, నీ పరువు, అన్నీ నీ చేతిలో ఉన్నాయి. నువ్వు నోరు విప్పకపోతే ఆ చేతులెవరివో ఎవరికీ తెలియదు. నీ ఇష్టం మావయ్యా. ఏం చేసినా నేను నీ పక్కనే.

ఒక్క సంగతి చెప్పాలి. మొన్న మేడం మమ్మల్ని ఒక్కొక్కరినీ పిలిచి, పెద్దాయన చెయ్యి పట్టుకుని మణికట్టు దగ్గర నాడి ఎక్కడ తగిలేదో వెతకమంది. వీడియోలో ఆ చోటు నేను వందసార్లు చూసి ఉంటాను. కాని చెయ్యి పట్టుకోగానే, ఈ చేత్తో ఈయన ఎవరినో ఎత్తుకుని ఉంటాడు అనిపించింది. నాకు పాఠం గుర్తులేదు, ఏడుపొచ్చింది. నిద్రగన్నేరు కూడా ముక్కు తుడుచుకున్నాడు, జలుబన్నాడు.

కాబట్టి మా క్లాసు అభిప్రాయం మార్చి కమిటీకి పంపాం. ఏం పంపామో చెప్పను.

గడుగ్గాయి

తా.క.: అత్తయ్యా, తిన్నాక చెప్పావా? ఏమన్నారు? వెంటనే రాయి, ఇక్కడ నాకు గోళ్లు మిగల్లేదు.

---

గడుగ్గాయికి,

అత్తయ్య ముద్దులు. ఇన్నాళ్లూ అడుగున మిగిలిన చోట్లో సర్దుకున్నాను. ఈసారి ఉత్తరమంతా నాది. మీ మావయ్యకి కింద తా.క. ఇచ్చాను.

తిన్నాక చెప్పాను. నమ్మలేదు. కోటు తెచ్చి గుండీ చూపించాను. దాన్ని వేలితో తిప్పి తిప్పి చూశారు. తర్వాత లేచి అద్దం ముందుకెళ్లి, కత్తి పట్టుకున్నట్టు కుడిచెయ్యి ఎత్తారు. అద్దంలో ఎడమచెయ్యి లేచింది. "వీడేనా ఆ ప్రబుద్ధుడు" అన్నారు. ఇంకేం మాట్లాడలేదు. నాకు కొంచెం భయం వేసింది, ఉపన్యాసం ఇవ్వమని నేనే బతిమాలాను.

కమిటీ రోజు నేనూ వెంట వెళ్లాను. గది బయట కుర్చీలో కూర్చున్నాను, తలుపు తీసే ఉంది. ఆయన అర్జీ చదివారు, అందరూ తలలూపారు. అంతలో ఒకాయన, "దీనికింత గొడవెందుకు, వీడియోని అటుది ఇటు తిప్పేస్తే సరిపోతుంది కదా, హాలెందుకు?" అన్నాడు. మిగతావాళ్లు దానికీ తలలూపారు. హాలు పోతోందని నాకే తెలిసిపోయింది. ఈయన నోరెత్తకపోతే ఈయన పరువు దక్కుతుంది, అంతవరకే.

మీ మావయ్య లేచి నిలబడ్డారు. సంచిలోంచి కోటు తీసి తొడుక్కున్నారు. గుండీ వాళ్లకి కనబడేలా చెయ్యి చాపారు. "ఆ చేతులు నావి. జీవితమంతా ఇదే పని చేసినవాడిని, నా పాఠం తిరగబడిందని నాకే తెలియలేదు. ఆ పిల్లలకి ఎలా తెలిసింది? బల్ల మీద ఒక మనిషి ఉన్నాడు కాబట్టి తెలిసింది. రేపు మీరు తిప్పే వీడియోలో ఇంకో తప్పుంటే, దాన్ని ఎవరు పట్టుకుంటారు?" అన్నారు. తర్వాత కూర్చున్నారు. అంత చిన్న ఉపన్యాసం ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. వాళ్లు ముందు పగలబడి నవ్వారు. నవ్వి నవ్వి ఆగాక, హాలు ఎప్పటిలాగే ఉంటుంది, వీడియో సరిచేసి ఇంటికి ఇస్తాం అని రాసుకున్నారు. నాకు బయట కుర్చీలో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మనిషి గుండీ గురించి సాధిస్తున్నాడని ఇన్నాళ్లూ తిట్టుకున్నాను.

తర్వాత మీ క్లాసు అభిప్రాయం చదివారు. పాఠం ఇంట్లో చూసుకోవడానికి వీడియో కావాలి, హాలు వారం వారం కావాలి, చేతుల మాస్టారు ఎక్కడున్నా వెతికి మా హాలుకు పంపాలి, కాని వచ్చాక మాట్లాడకూడదు, అవునా? గది గదంతా మళ్లీ నవ్వు మొదలు. మీరు కోరిందీ ఈయన అర్జీలో అడిగిన శిక్షా ఒకటే కాబట్టి, అక్షరం పొల్లుపోకుండా అమలు చేశారు. శనివారం నుంచి వారానికొక పూట మీ హాల్లో ఉంటారు.

ఇంక నా మాట ఒకటి. వీడియోకి శబ్దం ఎందుకు లేదని ఎవరూ అడగలేదు. ఆ చేతులెవరివో నీ మొదటి ఉత్తరం చదివిన రోజే నాకు తెలుసు, తమాషా చూద్దామని ఊరుకున్నాను. ఆ రోజు ఆయన పట్టుకెళ్లింది నా ఫోనే, పారెయ్యమన్న పాఠం అందులోనే ఉంది. మొహం కోసం ఎంతో శ్రద్ధగా తల దువ్వుకున్నారు గాని, ఫోను ముందుకు వంగిపోయి చేతులే పడ్డాయి. చూస్తే ఆ చేతులు ఎంత బాగున్నాయో! పెళ్లయిన కొత్తలో నేను చూసిన చేతులవే. కాని మాటలు వింటే సగం తిట్లు, సగం ప్రిన్సిపాల్ మీద ఫిర్యాదులు. అందుకని మాటలు తీసేసి, ఆయన నోట్సు చూసి కింద పేర్లు పెట్టి, మనిషి పేరు పెట్టకుండా, కాలేజీలకి వీడియోలు పోగుచేసేవాళ్లకి నేనే పంపేశాను. ఆయన నోరు మూయించడం ఈ జన్మలో నాకు కుదిరింది ఆ ఒక్కసారే, చూడు ఎంత పేరొచ్చిందో!

ఈ ముక్క ఆయన ఇప్పుడే వెనకనుంచి చదివారు. మొహం ఎర్రబడింది. కలం లాక్కుంటున్నారు.

ప్రేమతో,
మీ అత్తయ్య

తా.క. (మావయ్య రాసేది): నాకు మిగిల్చింది ఈ కాస్త చోటే. అయినా ఇప్పుడు నాకు మాటలతో పని లేదట కదా. శనివారం వస్తున్నాను. మాట్లాడను. పుస్తకం లాప్‌టాప్ కిందినుంచి తీసి పట్టుకురా. కాలేయం కుడివైపు. ఆయన కుడివైపు, నీది కాదు. నేను వచ్చేలోపు బల్ల దగ్గరికి వెళ్లి, పెద్దాయనకి నా నమస్కారం చెప్పు. ఈ మొత్తం వ్యవహారంలో మొదటినుంచీ సరిగ్గా ఉన్నది ఆయనొక్కడే.